తప్పు యంత్రానిదంటే సరిపోతుందా?
సాంకేతికత, కంపెనీల బాధ్యత, మన కర్తవ్యం – ఒక పరిశీలన

మన సొసైటీకి జకాత్, ఫిత్రా, సదఖా సొమ్ము అందించే దాతలు ఏటా ఒక మాట అడుగుతారు: "మేమిచ్చింది అర్హులకే చేరుతోందా?" అడగవలసిన మాటే. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా విడదీసి చెప్పింది. కనుక అర్హతను విచారించడం దాత హక్కు, పంచేవారి విధి.

ప్రభుత్వాలు కూడా ఇదే ప్రశ్న వేస్తాయి. రేషన్ బియ్యం, పింఛన్, ఆరోగ్యశ్రీ అర్హులకే అందాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పని ఈ మధ్య మనుషుల చేతిలోంచి కంప్యూటర్ల చేతిలోకి పోయింది. ఆ కంప్యూటర్‌లోని ప్రోగ్రామును ఒక కంపెనీ తయారు చేస్తుంది, ప్రభుత్వం కొంటుంది, ఆఫీసులో గుమాస్తా వాడతాడు. జవాబు తప్పయితే పస్తుండేది మాత్రం ఈ ముగ్గురిలో ఎవరూ కారు. మరి ఆ తప్పుకు జవాబుదారీ ఎవరు? దాతలకూ, చదువుకుంటున్న వారి పిల్లలకూ ఉపయోగపడాలని ఈ విషయాన్ని పాఠంగా వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

తెలంగాణలో ఏం జరిగింది?

2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. అన్నీ అన్యాయంగా తీసేశారని మేము అనడం లేదు. ఒకే మనిషికి రెండు కార్డులు ఉన్నవీ, చనిపోయినవారి పేర్లూ, స్తోమత ఉన్నవారి కార్డులూ వాటిలో ఉన్నాయి. కానీ ముందుగా నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వచ్చి చూడకుండా పేదల కార్డులు కూడా తీసేశారన్నది బాధితుల ఫిర్యాదు. హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ విషయాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ తర్వాత వచ్చిన దరఖాస్తులు 4,91,899. 2022 జులై నాటికి వాటిలో 2,05,734 పరిశీలించగా 15,471 దరఖాస్తులు అర్హమైనవని తేలాయి. అంటే నూటికి ఏడున్నర. పరీక్షలో వందకు తొంభై రెండున్నర మార్కులు వస్తే మనం పిల్లవాడి వీపు తడతాం. ఇక్కడ మిగిలిన ఏడున్నర మార్కులు కావు, పొయ్యి వెలగవలసిన ఇళ్లు.

ఈ ఏరివేతలో వాడిన వ్యవస్థ పేరు 'సమగ్ర వేదిక'. రవాణా శాఖలో వాహనాల వివరాలు, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్లు, పౌర సరఫరాల జాబితాలు ఇలా వేర్వేరు శాఖల లెక్కలను ఒకచోట చేర్చి, ఒక్కో మనిషి గురించి మొత్తం సమాచారాన్ని ఒక్క తెరమీద చూపిస్తుంది. ఫలానావారి పేరున కారు ఉందని చూపిస్తే, ఆ ఇంటి కార్డుకు అర్హత పోతుంది. వేర్వేరు జాబితాల్లోని పేర్లు ఒకే మనిషివా కాదా అని తేల్చే సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లోని పోసిడెక్స్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు కంపెనీది. రిక్షా తొక్కి బతికిన మనిషి కుటుంబానికి కారు ఉందని చూపిన ఉదంతం కూడా పత్రికల్లో వచ్చింది. పేర్లు దగ్గరగా ఉండటమే కారణం. ఈ పేర్లు కలిపే పద్ధతిపై 2024లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక సాంకేతిక వివరణ ప్రచురించింది. ఇటువంటి వ్యవస్థలను బయటివారు తనిఖీ చేయడం ఎంత కష్టమో అందులో వివరించింది.

పేర్లు కలిపే లెక్క

ఇది ఎలా జరుగుతుందో ఒక హాజరు పట్టీతో చెప్పవచ్చు. ఒకే తరగతిలో ఇద్దరు షేక్ మస్తాన్‌లు ఉన్నారనుకుందాం. ఉపాధ్యాయుడికి ముఖాలు తెలుసు, రోల్ నంబర్లు తెలుసు, తండ్రి పేర్లు తెలుసు. పొరపాటు పడడు. ఇప్పుడు ఈ పట్టీని వేరే ఊరి బడి పట్టీతో కలపమని ఒక కొత్త గుమాస్తాకు ఇచ్చాం. అతనికి ముఖాలు తెలియవు. పేరు ఎంత కలిసింది, తండ్రి పేరు ఎంత కలిసింది, ఊరు ఎంత కలిసింది అని ఒక్కోదానికి కొన్ని మార్కులు వేస్తాడు. మొత్తం ఒక గీత దాటితే "ఇద్దరూ ఒక్కరే" అని రాసేస్తాడు. సాఫ్ట్‌వేర్ చేసేదీ దాదాపు ఇదే.

గీతను కిందికి దించితే వేర్వేరు మనుషులు ఒక్కరైపోతారు. పైకి జరిపితే ఒక్క మనిషి ఇద్దరుగా చీలిపోతాడు. రెండు తప్పులూ లేకుండా ఏ గీతా గీయలేం. గీత ఎక్కడ గీయాలన్నది యంత్రం నిర్ణయం కాదు. ఎవరో ఒక మనిషి ఒక గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయం. కాబట్టి "కంప్యూటర్ చెప్పింది" అనే మాటకు అర్థం లేదు. కంప్యూటర్ చేత చెప్పించినవారు ఉన్నారు.

ఈ లెక్కలో మన ఇళ్లు ముందుగా దెబ్బతినే అవకాశం ఉంది. మన పేర్లు ఎలా రాస్తున్నారో చూడండి. ఆధార్‌లో 'షేక్', రేషన్ కార్డులో 'ఎస్.కె.', ఓటరు జాబితాలో 'షైక్'. 'మహమ్మద్' ఒకచోట 'ఎండీ', మరొకచోట 'మొహమ్మద్'. 'బీ', 'బేగం' ఒకచోట ఉంటాయి, మరొకచోట ఉండవు. పెళ్లికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు. ఒక్క వీధిలోనే ముగ్గురు ఖాసీంలు, నలుగురు పాషాలు. మన పినపాక ప్రాంతంలో కోయ సోదరుల పరిస్థితీ ఇంతే. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక. ఒకే ఇంటిపేరుతో గూడెంలో సగం మంది. పుట్టిన తేదీ తెలియక చాలామందికి జనవరి 1. వీళ్ల జీవితాలను చూసి తయారుచేయని ప్రోగ్రాము వీళ్లను తప్పుగా చదివితే ఆశ్చర్యం ఏముంది?

పైగా తప్పును సరిచేసుకోవలసిన భారం కూడా తప్పు చేయనివారి మీదే పడుతుంది. అడవి అంచు పల్లె నుంచి మండల కేంద్రానికి వచ్చి, మీసేవలో కాగితం పెట్టి, తహసీల్దార్ కార్యాలయం చుట్టూ తిరగాలంటే ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు అవుతుంది. "నాకు కారు లేదు" అని నిరూపించడం ఎలా? ఉన్నదానికి కాగితం ఉంటుంది గాని, లేనిదానికి కాగితం ఎవరిస్తారు?

కంపెనీ బాధ్యత అంటే ఏమిటి?

"మేము సాఫ్ట్‌వేర్ అమ్మాం. ఎలా వాడుకున్నారన్నది ప్రభుత్వం ఇష్టం" అని కంపెనీ అనవచ్చు. "సాఫ్ట్‌వేర్ అలా చూపింది" అని అధికారి అనవచ్చు. ఇద్దరి మధ్యా బాధితుడు బంతిలా దొర్లుతాడు. ఈ చిక్కును విప్పడానికే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011 జూన్‌లో వ్యాపారం, మానవ హక్కులపై మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. వాటిని రూపొందించినవారు జాన్ రగ్గీ అనే ఆచార్యుడు. వాటి సారం మూడు మాటల్లో చెప్పవచ్చు. హక్కులను కాపాడటం ప్రభుత్వం విధి. హక్కులను గౌరవించడం కంపెనీ బాధ్యత. నష్టపోయినవారికి పరిహారం దొరికే దారి చూపడం ఇద్దరి పని.

ఈ సూత్రాలు కంపెనీకి హానితో ఉండే సంబంధాన్ని మూడు రకాలుగా చూస్తాయి. మొదటిది, హాని తానే చేయడం. రెండవది, ఇతరులు చేసే హానికి తోడ్పడటం. మూడవది, తోడ్పడకపోయినా తన సరుకు ద్వారానో సేవ ద్వారానో ఆ హానితో ముడిపడి ఉండటం. ఈ మూడింటిలో ఎక్కడున్నా "నాకు సంబంధం లేదు" అనడం కుదరదు. సరుకు అమ్మేముందు అది ఎవరికి కీడు చేయగలదో ఆలోచించాలి, అమ్మాక ఏం జరుగుతోందో కనిపెట్టి ఉండాలి, తప్పు బయటపడితే సరిదిద్దాలి, చేసినదేమిటో నలుగురికీ చెప్పాలి. మన దేశంలో కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2019లో విడుదల చేసిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాల్లో తొమ్మిది సూత్రాలున్నాయి. అందులో ఐదవది మానవ హక్కులను గౌరవించి ప్రోత్సహించాలన్నదే. అయితే ఇవి మార్గదర్శకాలు మాత్రమే. పాటించకపోతే శిక్ష వేసే చట్టాలు కావు. అందుకే అడిగేవాళ్లు ఉండాలి.

మన ధర్మంలో ఇది కొత్త మాట కాదు. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది, 83వ సూరా. హుజురాత్ సూరాలో, ఒక వార్త వస్తే నమ్మి ఎవరికైనా కీడు చేసేముందు విచారించుకోమని ఆదేశం ఉంది. తెరమీద కనిపించే "ఇతనికి కారు ఉంది" అన్నదీ ఒక వార్తే కదా! ఇంటికి వెళ్లి విచారించకుండా బియ్యం ఆపడం తప్పుడు తూకంతో సమానమేనని మేము భావిస్తున్నాం.

దానం చేస్తే బాధ్యత తీరుతుందా?

మణుగూరు, సారపాక, కొత్తగూడెం ప్రాంతాలవారికి 'సీఎస్ఆర్' అనే మాట బాగా పరిచయం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజ సేవకు ఖర్చు చేయాలి. బడికి బెంచీలు, ఊరికి మంచినీళ్లు వస్తే సంతోషమే. కానీ 2 శాతం దానం, మిగతా 98 శాతం ఎలా సంపాదించావన్న ప్రశ్నకు జవాబు కాదు.

దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రోజుల్లో నల్లవారు ఎక్కడికి వెళ్లినా ఫొటో ఉన్న పాస్ పుస్తకం చూపించాలి. లేకపోతే జైలు. ఆ ఫొటోలు అక్కడికక్కడే తీసే పరికరాలు అమెరికాకు చెందిన పోలరాయిడ్ కంపెనీవి. 1970లో ఆ కంపెనీలోనే పనిచేస్తున్న కెరొలిన్ హంటర్ అనే రసాయన శాస్త్రవేత్త, కెన్ విలియమ్స్ అనే ఫొటోగ్రాఫర్ ఈ సంగతి గమనించి ఉద్యమం మొదలుపెట్టారు. కంపెనీ ఏం చేసింది? 1971లో దక్షిణాఫ్రికాలో నల్లవారి చదువుకు విరాళాలిస్తామని, అక్కడి కార్మికుల జీతాలు పెంచుతామని ప్రకటించి వ్యాపారం కొనసాగించింది. ప్రభుత్వానికి నేరుగా అమ్మబోమని కూడా చెప్పింది. హంటర్ ఉద్యోగం పోయింది. అక్కడి డీలరు రహస్యంగా ప్రభుత్వానికి అమ్ముతున్నాడని 1977లో బయటపడ్డాక గాని కంపెనీ ఆ దేశాన్ని వదల్లేదు. విరాళం ఇచ్చిన ఏడేళ్లూ పాస్ పుస్తకాలకు ఫొటోలు పడుతూనే ఉన్నాయి.

అదే నేలమీద అంతకు అరవై ఏళ్ల ముందు మనవాళ్లు ఒక పాఠం చెప్పి వచ్చారు. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులు వేలిముద్రలిచ్చి రిజిస్టరు కావాలని చట్టం తెస్తే, గాంధీజీ నాయకత్వంలో 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా సర్టిఫికెట్లను తగలబెట్టారు. హిందువులు, ముస్లింలు కలిసి చేసిన పని అది. వేలిముద్ర మీద వారికి కోపం లేదు. నేరస్థుల్లా చూడటాన్ని వారు ఒప్పుకోలేదు.

ముఖాన్ని గుర్తుపట్టే కెమెరా

తెలంగాణ పోలీసులు 2018లోనే తమ 'టీఎస్‌కాప్' యాప్‌లో ముఖాన్ని గుర్తించే సౌకర్యం చేర్చారు. 2021 మే నెలలో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్‌లో పోలీసులు మసూద్‌ను రోడ్డుపై ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, ఆ ఫొటో ఎక్కడికి పోతుంది అని ఆయన హైకోర్టును ఆశ్రయించారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ హక్కు బంజారాహిల్స్ బంగళాకు ఎంత ఉందో పాతబస్తీ సందుకూ, పినపాక గూడేనికీ అంతే ఉంది.

కంపెనీలు తలచుకుంటే ఆగగలవు. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అరవింద్ కృష్ణ ఐబీఎం సంస్థకు అధిపతి. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, 2020 జూన్‌లో ఆయన అమెరికా పార్లమెంటు సభ్యులకు లేఖ రాశారు. సాధారణ వినియోగానికి ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ ఇక అమ్మబోమని, సామూహిక నిఘాకు, జాతి వివక్షకు దాన్ని వాడటాన్ని వ్యతిరేకిస్తామని అందులో చెప్పారు. అయితే అదే సంస్థ 2023లో బ్రిటన్ ప్రభుత్వంతో బయోమెట్రిక్ వ్యవస్థ కోసం ఒప్పందం చేసుకుని విమర్శలకు గురైంది. మాట ఇచ్చినంతనే సరిపోదు, అది నిలుస్తోందా అని చూస్తూ ఉండాలన్నది ఇక్కడి పాఠం.

మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ సంగతి చూడండి. పాలస్తీనీయుల ఫోన్ సంభాషణలను ఇజ్రాయెల్ సైనిక గూఢచారి విభాగం మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో భద్రపరుస్తోందని 2025 ఆగస్టులో గార్డియన్ పత్రిక రాసింది. సంస్థ విచారణ జరిపి, సెప్టెంబరులో ఇజ్రాయెల్ రక్షణ శాఖలోని ఒక విభాగానికి కొన్ని సేవలు నిలిపివేసింది. పత్రికలు రాశాయి, ఉద్యోగులు ఆందోళన చేశారు, అప్పుడు కంపెనీ కదిలింది. లోపలివారు నోరు విప్పితే ఎంత ప్రభావం ఉంటుందో పోలరాయిడ్ నాడూ, ఇప్పుడూ కనబడుతోంది.

మనం చేయగలిగింది

ఇంత పెద్ద కంపెనీలను అడవి అంచున ఉన్న చిన్న సొసైటీ ఏం చేయగలదు అనిపించవచ్చు. మాకు తోచిన పనులు ఇవి.

ఒకటి. కార్డు తిరిగి తెప్పించడానికి దాతల సొమ్ములో కొంత భాగం కేటాయించాలి. రంజాన్ కిట్ ఒక నెల గడుపుతుంది. రేషన్ కార్డు ఉంటే 2025 ఉగాది నుంచి ఇస్తున్న సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోల చొప్పున ఏళ్ల తరబడి అందుతుంది. ఆటో ఖర్చు, జిరాక్సులు, పోయిన ఒకరోజు కూలి – ఇవి ఇవ్వడమూ సాయమే. చదువుకున్న యువకుడొకరు తోడుగా వెళ్లి దరఖాస్తు రాసిపెట్టి, రసీదు తెచ్చిస్తే ఇంకా మంచిది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండాలి. కార్డు ఎందుకు తీశారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఈ సేవ మన మహల్లాకే పరిమితం కాకూడదు. పక్క గూడెంలో కార్డు పోయిన కోయ తల్లికీ మన గడప తెరిచే ఉండాలి.

రెండు. మన జాబితాలు మనకు అమానత్. సాయం తీసుకునేవారి ఆధార్ జిరాక్సులు, ఫోన్ నంబర్లు, భర్త చనిపోయిన వివరాలు మన బీరువాలో ఉంటాయి. అవసరమైనంతే తీసుకోవాలి, పని అయ్యాక తీసేయాలి. కిట్ అందుకుంటున్న తల్లి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. దాతకు లెక్క చూపడానికి రసీదులు, సంఖ్యలు చాలు. చేతులు చాచిన ముఖం అక్కరలేదు. కంపెనీలను గోప్యత గురించి అడిగే హక్కు, మన బీరువాకు తాళం వేసుకున్నాకే వస్తుంది.

మూడు. జాబితాలో పేరు లేదని ఎవరినీ అక్కడికక్కడే వెనక్కి పంపవద్దు. ఒక మనిషి వెళ్లి ఇల్లు చూసి రావాలి. ఆ తర్వాతే అవుననో కాదనో చెప్పాలి.

నాలుగు. దాతలలో చాలామంది పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్, అమెరికాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. వారికి ఈ మూడు ప్రశ్నలు నేర్పండి: మేము తయారుచేసేది తప్పు జవాబు ఇస్తే ఎవరు నష్టపోతారు? ఆ నష్టపోయినవాడు ఎవరికి, ఏ భాషలో, ఎంత ఖర్చుతో ఫిర్యాదు చేయగలడు? మనిషి చూడకుండా యంత్రమే తుది నిర్ణయం చేస్తోందా? మీటింగులో ఒక్కరు ఈ ప్రశ్నలు లేవనెత్తినా, గీత ఎక్కడ గీయాలన్న చర్చ మారుతుంది. హలాల్ సంపాదన అంటే జీతం చీటీ సక్రమంగా ఉండటం ఒక్కటే కాదు, ఆ జీతం ఏ పనికి వచ్చిందన్నది కూడా.

ఐదు. ఉపాధ్యాయులుగా మేము మా వంతు చేస్తాం. కంప్యూటర్ పాఠంలో మౌస్, కీబోర్డులతో పాటు ఈ హాజరు పట్టీ లెక్క కూడా పిల్లలచేత చేయిస్తాం. పేర్లు కలిపేటప్పుడు ఇద్దరు మస్తాన్‌లలో ఒకడి మధ్యాహ్న భోజనం ఎలా పోతుందో వాళ్లే కనిపెడతారు.

అర్హులకే చేరాలన్న దాతల కోరిక మంచిదే. దానితోపాటు, అర్హుడు ఒక్కడు కూడా తప్పిపోకూడదన్న కోరిక ఉండాలి. ఈ రెండింటినీ కలిపి అడిగితేనే ప్రభుత్వాన్నయినా, కంపెనీనయినా, మన సొసైటీనయినా సరిగ్గా లెక్క అడిగినట్టు. ఆ లెక్క అడిగే ధైర్యాన్ని, చెప్పే నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.